ఏడో నెలలో పుట్టిన పాపకు ప్రభుత్వ సాయం: ఏది, ఎక్కడ, ఎప్పటిలోగా అడగాలి?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాప 30 వారాలకే పుట్టింది. బరువు 1250 గ్రాములు. ఇవాళ్టికి 12 రోజులు. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సీపాప్ మీద, అంటే ముక్కు ద్వారా గాలి పంపి ఊపిరికి సాయం చేసే యంత్రం మీద ఉంది. ఇప్పటికే 2,40,000 రూపాయలు కట్టారు, ఇంకో నాలుగు వారాలు ఉండాలంటున్నారు. మీరు ఆటో నడుపుతారు, మీ భార్య ఇంటి దగ్గరే ఉంటారు, తెలంగాణ రేషన్ కార్డు ఉంది. నెలలు నిండని పిల్లల కోసం ప్రభుత్వం డబ్బేమైనా ఇస్తుందా అని మీ ప్రశ్న.

నేను జిల్లా ఆస్పత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో, అంటే ఎస్‌ఎన్‌సీయూలో, 14 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బిడ్డ నెలలు నిండకుండా పుట్టిందని తల్లిదండ్రుల చేతికి డబ్బిచ్చే పథకం విడిగా లేదు. సాయం మాత్రం చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం వైద్యం రూపంలో వస్తుంది, అదీ బిల్లు కట్టకముందు అడిగితేనే వస్తుంది. కట్టేసిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఎంత కష్టమో, కట్టాల్సిన డబ్బు ఆపుకోవడం అంత తేలిక. అందుకే ఈ రాత్రి పోయిన 2,40,000 గురించి కాకుండా రాబోయే నాలుగు వారాల గురించి ఆలోచించండి.

రేపు పొద్దున మొదటి పని ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేయడం. మీ ఆస్పత్రి పేరు చెప్పి, అది ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉందా అని అడగండి. ఉందంటే అక్కడితో ఫోన్ పెట్టేయకండి. నవజాత శిశువుల చికిత్సకు అనుమతి ఉందా అని ప్రత్యేకంగా అడగండి. ఎముకల ఆపరేషన్లకో, కిడ్నీ జబ్బులకో నెట్‌వర్క్‌లో ఉండి పిల్లల విభాగానికి లేని ఆస్పత్రులు ఉంటాయి. ఈ తేడా తెలియక బోర్డు చూసి మోసపోయామనుకునే వాళ్లను చాలామందిని చూశాను.

అనుమతి ఉంటే అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. వాళ్ల డెస్క్ దగ్గరికి రేషన్ కార్డు, మీ ఇద్దరి ఆధార్, పాప పుట్టినట్టు ఆస్పత్రి ఇచ్చిన కాగితం తీసుకుని వెళ్లండి. పాప పేరు కార్డులో లేదు కదా అని ఎవరైనా అంటే భయపడొద్దు. 12 రోజుల బిడ్డ పేరు ఏ కార్డులోనూ ఉండదు. తల్లి కార్డు మీదే, పుట్టుక కాగితంతో ఫైల్ పెడతారు. నెలలు నిండకపోవడం, ఊపిరితిత్తులు పూర్తిగా తయారుకాక ఊపిరి అందకపోవడం, సీపాప్, వెంటిలేటర్ వీటన్నిటికీ ఆరోగ్యశ్రీలో ప్యాకేజీలు ఉన్నాయి. ఎన్ని వారాలకు పుట్టింది అన్నదాన్ని బట్టి కూడా ప్యాకేజీ మారుతుంది. కాబట్టి కేస్ షీట్‌లో 30 వారాలు అని, 1250 గ్రాములు అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలు. మీ పాపకు ఆ పరిమితి సరిపోతుంది. అనుమతి వచ్చిన రోజు నుంచి ఆ ప్యాకేజీ కిందికి వచ్చే దేనికీ మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగితే మళ్లీ 104కే చెప్పండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అక్కడా ఆరోగ్యమిత్ర ఉంటారు, అడిగే పద్ధతి ఒకటే.

మీ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో లేకపోతే ఏం చేయాలి? అప్పుడు ప్రభుత్వ ఎస్‌ఎన్‌సీయూకి మార్చడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఈ మాట ఎత్తగానే తండ్రుల ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. డబ్బు లేక బిడ్డను తక్కువ చోటికి తీసుకెళ్తున్నానా అన్న బాధ అది. మీరు అలా అనుకోవద్దు. 1800 గ్రాముల లోపు బరువున్న పిల్లలు, 34 వారాల లోపు పుట్టిన పిల్లలు అసలు ఎస్‌ఎన్‌సీయూలో చేర్చుకోవాల్సిన వాళ్లే. ఆ విభాగాలు పెట్టిందే వాళ్ల కోసం. జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 జూన్ 1న మొదలైంది. దాని కింద అక్కడ బిడ్డకు మందులు, పరీక్షలు, ఆక్సిజన్, రక్తం అన్నీ ఉచితం. మొదట 30 రోజుల లోపు పిల్లలకే ఉండేది, తర్వాత ఏడాది లోపు జబ్బు చేసిన పిల్లలందరికీ పెంచారు. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి, తిరిగి ఇంటికి బండి కూడా ఇందులో భాగమే.

కానీ మార్చడానికి సమయం చూసుకోవాలి. ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు. పాపకు సీపాప్ ఇంకా ఎక్కువగా అవసరమైతే దారిలో ప్రమాదం. ఆయాసం తగ్గి, ఆక్సిజన్ అవసరం తగ్గి, ట్యూబుతో పాలు తీసుకుంటూ బరువు పెరగాల్సిన దశకు వచ్చాక మార్చడం తేలిక. మీకు చెప్పిన నాలుగు వారాల్లో చాలా భాగం ఈ బరువు పెరిగే దశే అయి ఉంటుంది. ఆ పని ప్రభుత్వ విభాగాల్లో బాగా జరుగుతుంది, పైసా ఖర్చు ఉండదు. డాక్టరును సూటిగా అడగండి: ‘సార్, పాపను మార్చడానికి ఎప్పుడు క్షేమం?’ ఆయన చెప్పిన రోజుకు ముందే అవతలి ఎస్‌ఎన్‌సీయూలో బెడ్ ఉందో లేదో డాక్టర్లిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునేలా చూడండి. మీరు ఆటో నడుపుతారు కాబట్టి మరీ చెబుతున్నాను, సొంత ఆటోలో మాత్రం తీసుకెళ్లకండి. 108లో పసిపిల్లల కోసం ఏర్పాటు చేసిన అంబులెన్సులు ఉన్నాయి, అదే కావాలని అడగండి. ఒకసారి చలికాలంలో ఒక బిడ్డను తువ్వాల్లో చుట్టి బైక్ మీద తెచ్చారు. దూరం పది కిలోమీటర్లు కూడా లేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు మంచులా చల్లబడి, షుగర్ పడిపోయింది. ఆ బిడ్డ బతికింది గానీ, ఆ రాత్రి ఆ తండ్రి గోడకు ఆనుకుని ఏడ్చిన తీరు నేను మరిచిపోలేను.

హైదరాబాద్ దగ్గరైతే నీలోఫర్ ఆస్పత్రి పిల్లల కోసం ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి. తల్లిపాలు చాలని పిల్లలకు ఇతర తల్లులు దానం చేసిన పాలు ఇచ్చే మిల్క్ బ్యాంకు అక్కడ ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో మందు లేదని బయటి చీటీ రాసిస్తే, కొనుక్కొచ్చే ముందు ఆస్పత్రి పనులు చూసే డాక్టరు ఆర్‌ఎంఓనో, సూపరింటెండెంట్‌నో కలిసి ఉచితంగా ఇవ్వాల్సిన మందే కదా అని మర్యాదగా అడగండి. నేను ఉన్నన్నాళ్లూ చూసిందేంటంటే, అడిగినవాళ్లకు దొరుకుతుంది. అడగనివాళ్లు మెడికల్ షాపు ముందు నిలబడతారు.

ఇక కట్టేసిన 2,40,000 సంగతి. దీనికి మీకున్న దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. పాప డిశ్చార్జి అయ్యాక ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు తీసుకుని మీ ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లండి. అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తారు. మొత్తం రాదు, ఖర్చులో కొంత భాగం చెక్కు రూపంలో వస్తుంది. అదీ నెలలు పడుతుంది. ఆశ పెట్టుకోండి గానీ అది వస్తుందన్న నమ్మకంతో అప్పు చేయకండి. ఇప్పటి నుంచే ప్రతి బిల్లూ, ప్రతి మందుల చీటీ ఒక కవర్‌లో దాచండి. అడ్వాన్సు కట్టినప్పుడు ఇచ్చే తెల్ల కాగితం చీటీ బిల్లు కాదు, నంబరున్న రసీదు అడగండి. కమీషన్ ఇస్తే ఎక్కువ ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తులను దగ్గరికి రానివ్వద్దు. నకిలీ బిల్లులతో ఈ నిధి కాజేసిన వ్యవహారంలో 2024లో తెలంగాణ సీఐడీ కేసులు పెట్టింది. నిజంగా ఖర్చు పెట్టిన మీలాంటి వాళ్లు దాంట్లో ఇరుక్కోకూడదు.

డబ్బు విషయంలో ఇంకొన్ని చిన్నవి ఉన్నాయి. జననీ సురక్షా యోజన కింద అర్హత ఉన్న తల్లికి మన రాష్ట్రాల్లో పల్లెల్లో 700, పట్టణాల్లో 600 రూపాయలు. కాన్పు ప్రభుత్వ ఆస్పత్రిలోనో, గుర్తింపు ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలోనో జరిగి ఉండాలి. మీ ఏఎన్‌ఎంను అడిగితే చాలు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఉంది. మొదటి కాన్పుకు 5,000 రెండు విడతల్లో, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. అంగన్‌వాడీ టీచర్ దగ్గర నమోదు చేస్తారు. ఇందులో చివరి విడత బిడ్డ పుట్టుక నమోదై, మొదటి మూడున్నర నెలల టీకాలు పడితేనే వస్తుంది. నెలలు నిండని పిల్లలకు ‘ఇంకా చిన్నగా ఉంది, తర్వాత వేయిద్దాం’ అని ఇళ్లలో టీకాలు వాయిదా వేస్తారు. అలా చేయొద్దు. టీకాలు పుట్టిన తేదీ లెక్కలోనే వేయాలి. వాయిదా వేస్తే బిడ్డకు రక్షణ ఆలస్యం, డబ్బూ ఆలస్యం.

పుట్టుక నమోదుకు మీకు ఇంకా 9 రోజులే ఉంది. 21 రోజుల లోపు అయితే ఫీజు లేదు. పేరు పెట్టలేదని ఆగొద్దు, పేరు లేకుండానే నమోదు చేయించి తర్వాత చేర్పించుకోవచ్చు. ఆధార్‌కూ, కార్డులో పాప పేరు ఎక్కడానికీ అన్నిటికీ మూలం ఈ సర్టిఫికెట్టే.

మీ భార్య ఉద్యోగం చేయరు కాబట్టి తర్వాతి విషయం మీకు వర్తించదు. కానీ చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను. ప్రసూతి సెలవు నిబంధనల కింద 26 వారాల జీతంతో కూడిన సెలవు సంగతి అందరికీ తెలుసు. ఆ నిబంధనల్లోనే ఇంకొకటి ఉంది. నెలలు నిండకుండా కాన్పు కావడం వల్ల తల్లికి అనారోగ్యం వస్తే, డాక్టరు సర్టిఫికెట్ చూపించి అదనంగా ఒక నెల వరకు జీతంతో సెలవు తీసుకోవచ్చు. ఈఎస్ఐలో ఉన్న తల్లులకూ అలాంటి అదనపు నెల ఉంది. ఈఎస్ఐ ఉన్న కుటుంబాలు మాత్రం ఆరోగ్యశ్రీ దగ్గరికి కాకుండా ముందు ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్లాలి, బిడ్డ వైద్యం ఆ దారిలోనే వస్తుంది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు బిడ్డ పుట్టిన వెంటనే హెచ్‌ఆర్‌కు రాసి బిడ్డ పేరు చేర్పించాలి. ఆలస్యమైతే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

ఇప్పుడు చెప్పబోయేది డబ్బు గురించి కాదు. కానీ నాకు ఈ జవాబులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

పాపకు 30 రోజులు నిండేలోగా కంటి పరీక్ష జరగాలి. మీ పాప విషయంలో ఇవాళ్టి నుంచి 18 రోజులు. నెలలు నిండని పిల్లల కంటి లోపలి రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. పుట్టాక అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను లాగేస్తే చూపు పోతుంది. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. మన దేశంలో 2000 గ్రాముల లోపు బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేయాలి. 28 వారాల లోపు పుట్టినవాళ్లకు, 1200 గ్రాముల లోపు వాళ్లకు ఇంకా ముందే, రెండు మూడు వారాలకే చేయాలి. బయటి నుంచి చూస్తే కళ్లు చక్కగా కనిపిస్తాయి. తల్లికి ఏ అనుమానమూ రాదు. సమయానికి కనిపెడితే లేజర్‌తోనో, ఇంజెక్షన్‌తోనో చూపు కాపాడతారు. సమయం దాటితే ఎంత డబ్బున్నా, ఎంత పెద్ద డాక్టరున్నా చేయగలిగింది చాలా తక్కువ.

నేను పనిలో చేరిన తొలి రోజుల్లో, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 1100 గ్రాములతో పుట్టి నెలన్నర ఉండి డిశ్చార్జి అయిన బాబును తీసుకొచ్చారు. అప్పటికి అయిదో నెల. ముఖం చూసి నవ్వట్లేదని వాళ్ల నానమ్మ కనిపెట్టింది. కనుపాప తెల్లగా మెరుస్తోంది. డిశ్చార్జి కాగితం తిప్పి తిప్పి చూశాం, కంటి పరీక్ష అన్న మాట ఒక్క చోట కూడా లేదు. ఆ కుటుంబం ఆ బిడ్డ ప్రాణం కోసం పొలం అమ్మింది. చూపు కాపాడే పరీక్షకు పొలం అక్కర్లేదు, ఒక తేదీ చెబితే చాలు. ఆ తేదీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి నా చేతుల మీదుగా డిశ్చార్జి అయిన ప్రతి బిడ్డ కాగితం మీద ఆ తేదీని ఎర్ర పెన్నుతో రాసి, తండ్రితో పైకి చదివించేదాన్ని.

ఈ పరీక్ష రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కిందికి వస్తుంది. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు. పుట్టుకతో వచ్చే లోపాలతో పాటు ఆర్‌ఓపీ కూడా ఆ జాబితాలో ఉంది. మీ ఎస్‌ఎన్‌సీయూ డాక్టరునో, జిల్లా ఆస్పత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలను ముందే కనిపెట్టి చూసే డీఈఐసీ కేంద్రాన్నో అడగండి. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. కట్టలేని వాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు. పాప ఇంకా ఆస్పత్రిలో ఉన్నా సరే, 30 రోజుల గడువు ఆగదు. అవసరమైతే కంటి డాక్టరునే అక్కడికి పిలిపించాలి. ఒక్కసారి చూసి బాగుందన్నా అయిపోదు, రక్తనాళాలు పూర్తిగా ఎదిగేదాకా వాళ్లు రమ్మన్నప్పుడల్లా వెళ్లాలి.

అలాగే వినికిడి పరీక్ష. బెరా అనే పరీక్ష చేయమని డిశ్చార్జికి ముందు అడగండి. మూడు నెలల లోపు లోపం తెలిస్తే, ఆరు నెలల లోపు చికిత్స మొదలైతే మాటలు వచ్చే అవకాశం బాగుంటుంది. డీఈఐసీలో ఎదుగుదల పరీక్షలు, ఫిజియోథెరపీ కూడా ఉచితం. అక్కడికి వెళ్లినప్పుడు పాప వయసును రెండు రకాలుగా చెప్పడం నేర్చుకోండి. రెండేళ్ల దాకా మెడ నిలపడం, కూర్చోవడం లాంటివి అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. లేకపోతే పక్కింటి పిల్లతో పోల్చుకుని లేని టెన్షన్ పడతారు. ఒకవేళ సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికల్లో వచ్చే లోపం) లాంటిది తేలితే, కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమాలో ఏడాదికి మొత్తం లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చులు వస్తాయి, అందులో కొంత పరిమితి మేరకు థెరపీకి కూడా. మీకు అది అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.

ఇంటికి వెళ్లాక ఆశా కార్యకర్త వస్తుంది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42 రోజుల లోపు ఆరుసార్లు రావాలి. మీ పాప ఆస్పత్రిలోనే ఉంది కాబట్టి డిశ్చార్జి రోజునే ఆమెకు ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఊళ్లో బిడ్డ లేదని ఆమె లెక్క రాసుకుంటుంది. బరువు తూచమనండి, బిడ్డ చల్లబడినా, పాలు తాగడం తగ్గినా, ఊపిరి వేగంగా తీసుకున్నా వెంటనే ఎక్కడికి వెళ్లాలో అడిగి పెట్టుకోండి.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మీ ఇద్దరూ చేయగల సాయం ఒకటుంది. డాక్టరు సరేనన్న రోజు నుంచి పాపను ఒంటికి ఆనించుకుని కూర్చోవడం, కంగారూ పద్ధతి అంటారు. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా, ఎంత ఎక్కువైతే అంత మంచిది. తల్లి అలసిపోతే తండ్రి చేయొచ్చు. చొక్కా గుండీలు విప్పి కూర్చోవడానికి మగవాళ్లు మొహమాటపడతారు, పడొద్దు. ఇలా పెంచిన పిల్లలకు ఇన్ఫెక్షన్లు తక్కువ వస్తాయి, తల్లిపాలు బాగా పడతాయి. మీ భార్య రోజుకు ఎనిమిదిసార్లయినా పాలు పిండి ఇస్తున్నారా? ఆపేసి ఉంటే ఈ రాత్రే మళ్లీ మొదలుపెట్టమనండి. ఆ కాసిని పాలే ఇప్పుడు పాపకు మందు.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. అది నిజం కాదు. కడుపులో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత బలం. ఇంకో కాన్పులో ఎప్పుడైనా ముందుగా నొప్పులు వస్తే, లేదా ఉమ్మనీరు పోతే, బిడ్డ పుట్టేదాకా ఆగకుండా ఎస్‌ఎన్‌సీయూ ఉన్న ఆస్పత్రికే తల్లిని తీసుకెళ్లండి. 34 వారాల లోపు అయితే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి ఇచ్చే ఇంజెక్షన్లు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగానే ఉంటాయి.

కాగితాలన్నీ మూడేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి. రేపు 104 వాళ్లు ఏం చెప్పారో, డాక్టరు పాపను మార్చడం గురించి ఏమన్నారో రాయండి. కంటి పరీక్షకు ఏ తేదీ ఇచ్చారో కూడా తప్పకుండా రాయండి.